కీలు దగ్గర చప్పుడు

ఆ ఆదివారం పొద్దున ఆ ఇంట్లో టీ గ్లాసులు పెట్టడానికి బల్ల మీద చోటు లేదు. ఉన్న ఒక్క బల్లనీ రెండు లాప్‌టాప్‌లు ఆక్రమించుకుని కూర్చున్నాయి. ఒకటి పెద్దది, నల్లది, ఎనిమిదేళ్ళ కిందటిది. ఇంటాయన నాలుగు నెలలు కూర్చుని బాగుచేసింది. రెండోది చిన్నది, కొత్తది, వెండి రంగుది. పోయిన ఆదివారం ఇంటావిడ ఎవరితోనూ ఒక్కమాట అనకుండా షోరూంకి వెళ్ళి కొనుక్కొచ్చింది. నచ్చకపోతే ఏడు రోజుల్లో వెనక్కిచ్చెయ్యొచ్చని దాని బిల్లు మీద ఉంది. ఆ ఏడు రోజులూ ఈ సాయంత్రంతో సరి. రెండూ ఉంచేసుకుందాం అనుకునేంత సంసారం కాదు వాళ్ళది. రేపు పొద్దున కూతురు బస్సెక్కుతుంది. దాని సంచిలోకి ఏది వెళ్ళాలో ఈ పూటే తేలాలి.

ఆయనకి వీధి చివర ఓ చిన్న షాపు ఉంది. పాడైపోయిన కంప్యూటర్లు బాగుచేస్తాడు. జన్మలో తెల్లకోటు వేసుకోలేదు కానీ వీధిలో అందరూ ఆయన్ని డాక్టరు అనే పిలుస్తారు. కూతురు ఎనిమిదో ఏట నుంచీ బడి వదలగానే షాపుకొచ్చి, ఆయన పక్క స్టూలు మీద కూర్చుని, విప్పిన స్క్రూలని సైజుల వారీగా సీసామూతల్లో సర్దిపెట్టేది. దాంతో దానికి కాంపౌండరు అని పేరు పడిపోయింది. ఇక ఇంటావిడ కళ్ళ ఆస్పత్రిలో నిజంగానే నర్సు. "ఈ ఇంట్లో అసలైన ఆస్పత్రి మొహం చూసేది నేనొక్కదాన్నే, నన్ను మాత్రం ఎవరూ పట్టించుకోరు" అని ఆవిడ వారానికోసారైనా అంటుంది. వీధివాళ్ళు పెట్టిన పేర్లే మనమూ వాడుకుందాం. వాళ్ళ అసలు పేర్లు పోస్టు తెచ్చే ఆయనకి కూడా గుర్తులేవు.

"టీ ఎక్కడ పెట్టమంటారు? మీ ముసలిదాని నెత్తిన పెట్టనా?" అంది నర్సమ్మ, రెండు చేతుల్లో గ్లాసులతో నిలబడి.

"ముసలిది అనకు. పాతదాన్ని బాగుచేసి కొత్తగా చేస్తే రీఫర్బిష్డ్ అంటారు" అన్నాడు డాక్టరు, పెద్దదాన్ని కాస్త పక్కకి జరుపుతూ.

"నేనూ జుట్టుకి రంగేసుకుంటున్నా. నన్నెవరూ ఆ మాట అనరే."

కాంపౌండరుకి టీ పొలమారింది. తండ్రి మాత్రం నవ్వలేదు. ఆ యంత్రం విషయంలో ఆయనకి హాస్యాలు గిట్టవు. ఎక్కడో ఓ ఆఫీసు మూసేస్తుంటే తెచ్చిన డొక్కు అది. కూతురి ఆఖరి పరీక్షలు మొదలైన నాడు ముందరేసుకున్నాడు. కొత్త కీబోర్డు, కొత్త డిస్కు, రెట్టింపు మెమరీ, గీత లేని తెర. ఒక్కో ముక్కా ఒక్కో చోట వెతికి తెచ్చాడు. కూతురికి ఉద్యోగం వచ్చింది, భవనాల కొలతలు తీసి ప్లాన్లు గీసే ఆఫీసులో, ఎనిమిది గంటల ప్రయాణం అంత దూరంలో. లాప్‌టాప్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలని ఉద్యోగం ఉత్తరంలో రాసి ఉంది. ఆ ఒక్క వాక్యం చదివి డాక్టరు ముఖం విప్పారిన తీరు చూస్తే, ఉద్యోగం వచ్చింది ఆయనకేమో అనిపించేది.

"ప్లాన్లు గీసేదానికి తెర పెద్దదుండాలి. ఈ చిన్నదాంట్లో గోడ గీస్తే వెంట్రుకలా కనిపిస్తుంది" అన్నాడు.

"మెట్లెక్కి, గోడలెక్కి కొలతలు తీసేదానికి భుజం ఉండాలి. పిల్ల రోజంతా ఇది మోసుకుని తిరగాలి" అంది నర్సమ్మ.

"ఏమంత బరువని?"

నర్సమ్మ టీ గ్లాసు కిటికీలో పెట్టి, పెద్దదాన్ని సంచిలో దూర్చి, ఇటుకరాయంత ఛార్జరు కూడా పడేసి, ఆ సంచి మొగుడి భుజానికి తగిలించింది. "ఓసారి వీధి చివరిదాకా వెళ్ళి రండి. షాపుకి తాళం వేసి ఉందో లేదో కూడా చూసినట్టుంటుంది."

ఆయన పంతానికి వెళ్ళాడు. పది నిమిషాల్లో తిరిగొచ్చాడు. వచ్చేటప్పుడు సంచి రెండో భుజానికి మారింది. "దూదిలా ఉంది" అని సంచి దించి, చొక్కా కాలరు సర్దుకున్నాడు. కాలరు కింద ఎర్రగా పడిన చార కూతురు చూసింది. చూడనట్టు తల తిప్పుకుంది.

"మరి దీన్ని చూడు" అని చిన్నదాన్ని తిరగేసి పట్టుకున్నాడు డాక్టరు. "స్క్రూలేవి? ఒక్కటన్నా కనిపిస్తోందా? అంతా జిగురుతో అంటించేశారు. మెమరీ బోర్డుకే అతికించేశారు. పాడైతే విప్పడానికి దారే లేదు."

"పాడవదు."

"పాడవని వస్తువు ఉంటుందా లోకంలో?"

"అన్నీ మీ షాపుకి రావడం కోసమే పుడతాయా? కొన్ని బాగానే బతుకుతాయి" అంది నర్సమ్మ.

తెలిసిన సంగతే అయినా పెళ్ళాం నోట వింటే మాటకి బరువెక్కువ. డాక్టరు చిన్నదాన్ని జాగ్రత్తగా, ఎవరి పిల్లనో ఎత్తుకున్నవాడు తిరిగి అప్పగించినట్టు, బల్ల మీద పెట్టేశాడు.

ఈ వారమంతా కాంపౌండరు రెండింటి మీదా గీసి చూసింది. చిన్నది చేతిలోకి తీసుకుంటే ఓ పుస్తకం తీసుకున్నట్టుంది. మనసంతా దాని వైపే ఉంది. మూడంతస్తుల మెట్లు ఎక్కే ఉద్యోగం అది. ఒంటి చేత్తో టేపు పట్టుకోవాలి, ఇంకో చేత్తో ఇది. ఇంకా ఒక కారణం ఉంది, అది ఎవరితోనూ చెప్పలేదు. పెద్దదాని మూత తెరిచినప్పుడల్లా కీబోర్డు మీద నాన్న చేతులు కనిపిస్తాయి. అంత దూరంలో, కొత్త గదిలో రోజూ ఆ చేతుల్ని చూస్తూ ఉండగలనా అని దాని భయం. కానీ ఇప్పుడు కాలరు సర్దుకుంటున్న తండ్రిని చూశాక ఆ లెక్కలేవీ నిలబడలేదు.

"అమ్మా, చిన్నది ఇచ్చేసి వచ్చెయ్. నేను పెద్దదే తీసుకెళ్తాను."

"నిజంగానా?"

"తెర పెద్దది కావాలమ్మా. గీతలు బాగా కనిపిస్తాయి."

నర్సమ్మ కూతురి వంక ఓ క్షణం చూసింది. కళ్ళ ఆస్పత్రిలో ఇరవైరెండేళ్ళ సర్వీసు, అబద్ధం ఎక్కడ దాక్కుంటుందో ఆవిడకి తెలుసు. ముఖం చిన్నబుచ్చుకుని, చిన్నదాన్ని తుడిచి, పెట్టెలో పెట్టి, బిల్లు వెతుక్కోవడానికి లోపలికి వెళ్ళింది.

డాక్టరు అయితే సంతోషం ఎక్కడ దాచుకోవాలో తెలియక టీ గ్లాసులన్నీ పోగుచేసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన గ్లాసు కడగడం అదే రెండోసారి. మొదటిసారి ఈ పిల్ల పుట్టిన రోజు.

ఆయన షాపులో ఓ పద్ధతి ఉంది. బాగైన ఏ యంత్రమైనా గుమ్మం దాటే ముందు దాని మూతని ఒక్క వేలితో, మూల పట్టుకుని, పదిసార్లు తెరిచి మూయాలి. తెరుస్తున్నంతసేపూ చెవి కీలు దగ్గర ఆనించాలి. "చూస్తే ఏం తెలుస్తుంది, విను" అనేవాడు. ఎనిమిదేళ్ళ పిల్లకి నేర్పిన మొదటి విద్య అది. అంతా సరిగ్గా ఉంటే యంత్రం కస్టమరు చేతికిచ్చి, "మళ్ళీ రాకండి" అని పంపేవాడు. కొత్తవాళ్ళు ఆ మాటకి బిత్తరపోయేవాళ్ళు. పాతవాళ్ళు నవ్వేవాళ్ళు. తన చేతి పని అయ్యాక దానికి మళ్ళీ జబ్బు రాకూడదని ఆయన గర్వం. ఆ గర్వంతోనే ఇన్నేళ్ళు బతికాడు, పెద్దగా సంపాదించకపోయినా.

కాంపౌండరు అలవాటు కొద్దీ పెద్దదాన్ని దగ్గరికి లాక్కుంది. అనుమానంతో కాదు. నాన్న చేతిలోంచి వచ్చిన పనిని అనుమానించడం దానికి తెలియదు. వంటింట్లో కుళాయి చప్పుడు వింటూ, ఒక్క వేలితో మూత ఎత్తింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోసారి ఎక్కడో ఏదో అన్నట్టనిపించింది. చెవి ఆనించింది. ఏడోసారి స్పష్టంగా వినిపించింది. కుడి కీలు దగ్గర, పుల్ల విరగబోయే ముందు చేసే చిన్న చప్పుడు.

పొరపాటున వదిలేసి ఉంటాడనుకుంది. ప్రయాణం హడావిడిలో ఎవరికైనా జరుగుతుంది. నాన్నకి చెప్పకుండా తనే బిగించేస్తే ఆయనకి చిన్నతనం ఉండదని, సొరుగులోంచి స్క్రూడ్రైవర్ తీసి, యంత్రాన్ని తిరగేసి, వెనక మూత విప్పింది.

ఎడమ కీలు డాక్టరు పనితనంలో కళకళలాడుతోంది. కీలుని పట్టి ఉంచే ప్లాస్టిక్ దిమ్మ మీద రేకు ముక్క కోసి వేసి, బోల్టు దించి బిగించాడు. ఇంకో పదేళ్ళు కదలదు. కుడి వైపు దిమ్మ నిలువునా చీలి ఉంది. దాని మీద ఒక్క చుక్క జిగురు. ఆ పక్కనే, లోపలి గోడకి టేపుతో అంటించి, ఆ చోటికి సరిపోయేలా కోసి, రంధ్రం కూడా చేసి పెట్టిన రేకు ముక్క. తయారుచేశాడు. వేయలేదు.

పిల్ల అలాగే కూర్చుండిపోయింది.

డాక్టరు చేతులు తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చాడు. బల్ల మీద తెరిచి ఉన్న యంత్రాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఊరందరినీ మోసం చెయ్యొచ్చు గానీ, తన చెవినే దానం చేసిన పిల్లని మోసం చెయ్యలేనన్న సంగతి ఆయనకి ఈ నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా తట్టలేదు.

"కుడి కీలు చీలింది నాన్నా."

"ఆఁ."

"నీకు తెలుసా?"

ఆయన తువ్వాలు మడత పెట్టాడు. మళ్ళీ విప్పాడు. "తెలుసు."

"రేకు కోసి పెట్టావు. ఎందుకు వేయలేదు?"

బిల్లు చేత్తో పట్టుకుని నర్సమ్మ గదిలోంచి వచ్చింది. ఇద్దరి ముఖాలూ చూసి, గోడకి ఆనుకుని నిలబడింది.

"మూడు నెలలు ఆగుతుంది" అన్నాడు డాక్టరు, కూతురి వైపు కాకుండా యంత్రం వైపు చూస్తూ. "రోజూ తెరిచి మూస్తుంటే నాలుగో నెలలో ఊడుతుంది."

"ఊడితే?"

"ఊడితే... అక్కడ ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వవు కదా. తీసుకొస్తావు కదా ఇంటికి."

వంటింట్లో ఆయన సరిగ్గా కట్టని కుళాయి కారుతోంది.

"సైటు మీద ఊడితే? అందరి ముందు, నా చేతిలో మూత ఊడొస్తే? మొదటి ఉద్యోగం నాన్నా నాది."

"అంతదాకా ఆలోచించలేదమ్మా."

"ముక్కూ మొహం తెలియని వాళ్ళకి కూడా మళ్ళీ రాకండి అని బాగుచేసి ఇస్తావు. నాకు మాత్రం చీలిక పెట్టి ఇస్తావా?" స్క్రూడ్రైవర్ బల్ల మీద పడేసింది. "ఏదో ఒకటి విరిగితే తప్ప ఇంటికి రాదు అనుకున్నావా నన్ను? అలా కనిపించానా నేను?"

"అలా కాదు" అన్నాడు. స్క్రూ ఎక్కడ జారిపడినా నేల మీద పడకముందే పట్టుకునే మనిషి, మాటలు జారిపోతుంటే ఒక్కటీ పట్టుకోలేక నిలబడ్డాడు. చివరికి బల్ల దగ్గరికొచ్చి, పెద్దదాన్ని తన వైపు లాక్కున్నాడు. పెట్టెలోంచి చిన్నదాన్ని తీసి కూతురి ముందు పెట్టాడు. "ఇదే తీసుకెళ్ళమ్మా. మీ అమ్మ సరైనదే తెచ్చింది."

కూతురు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నర్సమ్మ బిల్లుని నాలుగు మడతలు పెట్టి సొరుగులో పడేసింది. సాయంత్రం షోరూం మూసే వేళ వచ్చి దాటిపోయింది. ఎవరూ గడియారం వైపు చూడలేదు.

మర్నాడు పొద్దున బస్సు దగ్గర మాటలన్నీ సామాన్ల గురించే నడిచాయి. తండ్రి పెద్ద పెట్టె పైకెత్తాడు. లాప్‌టాప్ సంచి అందుకుని, అందులో ఏమైనా ఉందా లేదా అని ఓసారి తడిమి చూసుకున్నాడు. అంత తేలిగ్గా ఉంది.

"ఛార్జరు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా."

"దాని పక్కన నీళ్ళు పెట్టుకుని తాగకు. ఒలికితే విప్పలేరు."

"సరే నాన్నా."

బస్సు కదిలింది. కిటికీలోంచి తల్లికి చెయ్యూపింది. తండ్రికీ ఊపింది, కానీ ఆయన అప్పటికి చూపు బస్సు టైరు మీద పెట్టుకున్నాడు.

తిరుగుదారిలో నర్సమ్మ గొడుగు మూసి చేత్తో పట్టుకుని నడుస్తోంది. దెప్పుతుందని ఆయన ఎదురుచూస్తున్నాడు. దెప్పితే కాస్త తేలికపడేవాడు కూడా.

"నేను ఆ చిన్నది ఎందుకు కొన్నానో మీకు తెలుసా?" అంది చివరికి, వీధి మలుపులో.

"భుజం నొప్పి పుడుతుందని."

"అది పైకి చెప్పిన మాట. సంచి తేలిగ్గా ఉంటే శనివారం శనివారం వచ్చి వెళ్ళడానికి పిల్ల బద్ధకించదని." నర్సమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మీరు విరిగితే వస్తుందనుకున్నారు. నేను తేలికైతే వస్తుందనుకున్నాను. ఇద్దరికిద్దరం సరిపోయాం. దాన్నే అడగాలన్న బుద్ధి ఒక్కరికీ లేకపోయింది."

డాక్టరు నడక ఆపి పెళ్ళాం వంక చూశాడు. ఇంత దగ్గరగా ఇద్దరూ ఒకే దిగులు మోస్తూ ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకున్నారని ఆయనకి అప్పుడు అర్థమైంది. ఆవిడ చేతిలోని గొడుగు తను తీసుకున్నాడు. ఆయనకి తెలిసిన ఓదార్పు అంతే.

ఆ రోజే షాపులో కూర్చుని కుడి కీలుకి రేకు వేసి బోల్టు బిగించాడు. ఎవరికీ ఇవ్వని యంత్రానికి, ఎవరూ అడగకుండా. తెచ్చి ఇంట్లో బల్ల మీద పెట్టాడు. టీ గ్లాసులకి మళ్ళీ చోటు లేకపోయింది. నర్సమ్మ ఈసారి సణగలేదు.

కూతురు ప్రతి ఆదివారం పొద్దున ఫోన్ చేసేది. ముందు ఫోన్ ఎత్తేది తండ్రే. రింగు పూర్తవక ముందే ఎత్తేవాడు. ఎత్తి అడిగేది ఒకే ప్రశ్న.

"లాప్‌టాప్ ఎలా ఉంది?"

"బాగుంది నాన్నా."

"వేడెక్కుతోందా?"

"లేదు."

"సరే, మీ అమ్మకిస్తున్నా."

అంతే. ఆ తర్వాత తల్లీకూతుళ్ళు అరగంట మాట్లాడుకుంటుంటే, పక్కనే కూర్చుని పేపరు తిరగేస్తున్నట్టు నటిస్తూ, ఇటువైపు మాటల్ని బట్టి అటువైపు మాటలు అల్లుకునేవాడు. గదిలో తనొక్కతే ఉంటోందని అలా తెలిసింది. శనివారాలు కూడా పని ఉంటోందని, రెండు నెలల దాకా సెలవు అడగడం బాగుండదని అలాగే తెలిసింది. కొలతలు తీయడంలో దాని చెయ్యి ఖచ్చితంగా ఉందని పై ఆఫీసరు మెచ్చుకున్నాడని విన్న రోజు పేపరు తలకిందులుగా పట్టుకుని ఉన్నాడు.

"ఎందుకండీ ఆ యంత్రం గోల? పిల్ల గురించి అడగొచ్చుగా" అంది నర్సమ్మ ఓ వారం, ఫోన్ పెట్టేశాక.

"అడుగుతూనే ఉన్నాగా."

"ఎప్పుడు అడిగారు?"

"ఇప్పుడేగా. ఎలా ఉంది అని."

ఆవిడ తల పట్టుకుంది. వాదించి లాభం లేదని బట్టలు ఆరేయడానికి వెళ్ళిపోయింది. ఆయన మాత్రం నిజమే చెప్పాడు. కీలు సంగతి బయటపడ్డాక కూతురిని నేరుగా ఎలా ఉన్నావని అడిగే హక్కు పోయిందనుకున్నాడు. అందుకని దాని పక్కనే ఉండే వస్తువుని అడుగుతున్నాడు. ఏడు వారాలుగా ఆ చిన్న వెండి రంగు పెట్టె మీద ఆయన పెంచుకున్న బెంగ చూస్తే జాలేస్తుంది.

ఎనిమిదో ఆదివారం నర్సమ్మకి పొద్దున డ్యూటీ పడింది. ఇంట్లో డాక్టరు ఒక్కడే. ఫోన్ మోగింది.

"లాప్‌టాప్ ఎలా ఉంది?"

ఎప్పుడూ వచ్చే జవాబు కాదు ఈసారి వచ్చింది.

"అంత బాగాలేదు నాన్నా."

డాక్టరు నిటారుగా కూర్చున్నాడు. "ఏమైంది?"

"పొద్దున ఆన్ అవడానికి మొరాయిస్తోంది."

"ఎంతసేపు?"

"అలారం మూడుసార్లు మోగేదాకా."

పాపం, ఆయనకి ఇంకా వెలగలేదు. "అలారానికీ దానికీ ఏం సంబంధం? సరే, వేడెక్కుతోందా?"

"సాయంత్రాలు. ఆఫీసు నుంచి వచ్చి గది తాళం తీస్తానా, అప్పుడు. లోపల ఎవరూ ఉండరు కదా. లైటు కూడా నేనే వెయ్యాలి."

డాక్టరు చెయ్యి బల్ల మీద కదలకుండా ఆగింది.

"ఇంకా?" అన్నాడు, నెమ్మదిగా.

"సౌండు తగ్గిపోయింది. అందరూ మంచివాళ్ళే ఇక్కడ. కానీ పనయ్యాక మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. ఒక్కోరోజు రాత్రి దాకా ఒక్క మాటా బయటికి రాదు." ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "ఏం జబ్బంటావు నాన్నా ఇది?"

ముప్పై ఏళ్ళుగా ఎంతోమంది వచ్చి ఎన్నో లక్షణాలు చెబితే ఠక్కున జబ్బు పేరు చెప్పిన మనిషి. ఇప్పుడు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇక్కడ పెద్దదానికీ అదే వచ్చిందమ్మా" అన్నాడు.

"అవునా. దానికేమైంది?"

"ఛార్జింగు నిలవట్లేదు. పొద్దున బాగానే ఉంటుంది. నాలుగింటికి అయిపోతుంది. షాపులో పక్క స్టూలు ఉంది చూడు, సాయంత్రం పూట ఆ స్టూలు వైపే చూస్తూ కూర్చుంటుంది."

"లాప్‌టాప్ స్టూలు వైపు చూస్తుందా నాన్నా?"

"ఇది చూస్తుంది."

ఆ పిల్ల నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపులోకి జారింది. ఆయన వద్దనలేదు. ఇటు తనూ అదే పనిలో ఉన్నాడు. ఎనిమిది గంటల దూరం అవతల ఓ గదిలో కూతురు, ఇక్కడ ఈ బల్ల దగ్గర తండ్రి. ఫోన్ మాత్రం ఇద్దరూ దించలేదు.

"నా మీద కోపం పోయిందా?" అని అడిగాడు కాసేపటికి.

"కోపం ఆ బస్సులోనే పోయింది. సగం దారి కూడా రాకముందే." మళ్ళీ ముక్కు ఎగబీల్చింది. "నువ్వు ఒక్కసారి కూడా నన్ను రమ్మనలేదు నాన్నా. ఇప్పుడు కాదు, ఎప్పుడూ అనలేదు. కాలేజీ హాస్టల్లో ఉన్నప్పుడు కూడా. వెళ్ళినప్పుడు జాగ్రత్త అంటావు. రా అని మాత్రం అనవు. ఏదో పని ఉంటేనే వస్తాననుకుంటావు."

ఆయన ఆలోచించాడు. నిజమే. ఎవరినీ రమ్మని పిలవకపోవడమే గొప్పతనం అనుకుంటూ బతికిన మనిషి. ఆ మాట నోటికి అలవాటే కాలేదు. లోపల మాత్రం ఈ రెండు నెలల్లో దాన్ని ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు.

"వచ్చే శనివారం సెలవు దొరికింది" అంది కూతురు. "శుక్రవారం సాయంత్రం బస్సెక్కితే తెల్లారేసరికి అక్కడుంటా. దీన్ని కూడా తీసుకొస్తా. ఓసారి చూద్దువుగాని."

దాన్ని విప్పే దారి లేదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ పిల్ల తండ్రి చేతికి ఓ సాకు అందిస్తోంది, చిన్నప్పుడు ఆయన చెయ్యి చాపకముందే సరైన సైజు స్క్రూ అందించినట్టు. సరే తీసుకురా అంటే చాలు. ఎప్పటిలాగే గడిచిపోతుంది.

డాక్టరు కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"దాన్ని అక్కడే ఉంచమ్మా" అన్నాడు. "నువ్వు రా."